గణనదానము

నిమిషమునకు ముప్పదివేల పర్యాయములకు మించిన వేగముతో తన చుట్టు తాను తిరుగుచున్న ఒక న్యూట్రాన్ నక్షత్రమును గూర్చి 2020వ సంవత్సరమున జర్మనీలోని హానోవర్ నగరమందలి మాక్స్ ప్లాంక్ గురుత్వాకర్షణ భౌతికశాస్త్ర సంస్థవారు లోకమునకు తెలియజేసిరి. జె1653-0158 అను ముచ్చటలేని పేరు గల ఆ నక్షత్రమునకు, సూర్యుని ద్రవ్యరాశిలో నూరవవంతు మాత్రమే తూగు సహచరి యొకటి కలదు. ఆ రెండును 75 నిమిషములలో ఒక ప్రదక్షిణము పూర్తిచేయును. నక్షత్రము వెదజల్లు ప్రచండవికిరణమునకు ఆ సహచరి కాగి, ఆవిరియై, క్రమక్రమముగా కృశించిపోవుచున్నది. తన జోడునే భక్షించు సాలెపురుగు పేరును జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఇట్టి జంటలకు పెట్టియున్నారు. ఆ దిక్కునుండి గామాకిరణములు వచ్చుచున్న సంగతి అంతకు చాలకాలము పూర్వమే తెలియును. వానికి మూలము జంటతార యై యుండునను ననుమానము 2014 నుండియు నుండెను. అనుమానమును నిశ్చయముగా మార్చుటకు కొరవడినది దూరదర్శిని కాదు, గణనము. ప్రాసెసరులోని ఒక్క కోరునకు అప్పగించినచో 500 సంవత్సరములు పట్టునని తేలిన ఆ లెక్క రెండు వారములలో ముగిసెను. ముగించినది ఏ ప్రభుత్వపు సూపర్ కంప్యూటరును కాదు. నానాదేశములలో ఎవరెవరి యిండ్లలోనో ఉన్న గ్రాఫిక్స్ కార్డులు, వీడియో ఆటల కొరకు పుట్టిన సరకు.

ఆ పథకమునకు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అని పేరు. గురుత్వాకర్షణ తరంగముల యన్వేషణార్థము బ్రూస్ ఆలెన్ అను భౌతికశాస్త్రజ్ఞుని నాయకత్వమున 2005లో ఆరంభమయినది. దాని యేర్పాటు చెప్పుటకు సులభమే: మహాగణనము నొకదానిని లక్షలాది తునుకలుగా ఖండించి సర్వరునందుంతురు, ఇష్టపడిన గృహస్థు తన కంప్యూటరులో నొక ప్రోగ్రామును నెలకొల్పుకొనును, అది ఒక తునుకను తెచ్చుకొని, యంత్రము తీరికగా నున్న వేళ లెక్కగట్టి, ఫలితమును మరలించి, వేరొక తునుకను తెచ్చుకొనును. గృహస్థునకు వేతనము లేదు. కాల్చిన విద్యుత్తునకు పరిహారమును లేదు. ఈ విధమగు దానమును లోకప్రసిద్ధము గావించినది 1999 మే నెలలో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పుట్టిన సెటీ ఎట్ హోమ్. లోకాంతరములందలి బుద్ధిజీవుల రేడియో సంకేతములను వెదకిన ఆ పథకమునకు అట్టి జీవుల జాడ దొరకలేదు గాని, దానిని నిర్మించినవారిలో ముఖ్యుడైన డేవిడ్ ఆండర్సన్, ఏ శాస్త్రమువారైనను వాడుకొనదగిన బోయింక్ అను వ్యవస్థను రూపొందించెను. ఐన్‌స్టైన్ పథకమును, మరి పలు పథకములును దానిపైననే నడచుచున్నవి.

గ్రాఫిక్స్ కార్డు ఈ కథలో ప్రవేశించిన తీరు విచారింపదగినది. ఏలయన శాస్త్రజ్ఞుడు కోరి చేయించుకొన్న పరికరము కాదది. తెరమీది బొమ్మ యనగా బిందువుల సముదాయము. అడ్డమునకు 1920, నిలువునకు 1080 బిందువులు గల సామాన్యమైన తెరయందు ఇరువది లక్షలకు పైబడిన బిందువులుండును. ఆటలోని దృశ్యము సజీవముగా తోచవలెనన్నచో సెకనుకు అరువదిమారులు ఆ బిందువులన్నింటికిని వర్ణము నిర్ణయింపవలెను. వెలుగెటనుండి పడుచున్నది, గోడ యెంత దూరమున నున్నది, ఆ గోడపై నీడ యెవ్వరిది అను లెక్కలతో గూడిన యిట్టి నిర్ణయములు సెకనునకు పండ్రెండు కోట్లకు మించును. అయితే ఒక బిందువు రంగు తేల్చుటకు ప్రక్కబిందువు రంగు తేలువరకు వేచియుండ నక్కరలేదు. ఈ నిరపేక్షతను ఆధారము చేసికొని, ఒక్కటొక్కటిగా చూచిన మందబుద్ధులే యైనను వేలకొలదిగా నున్న గణనాంగములను ఒకే పలకపై పేర్చి, కార్డుల నిర్మాతలు ఆటగాండ్ర ధనముతో దినదినాభివృద్ధి చెందిరి. ఎన్విడియా సంస్థ 1999లో జీఫోర్స్ 256 అను కార్డును విడుదల చేయుచు జీపీయూ అను పేరును ప్రచారములో పెట్టెను. అటుపై కొలది యేండ్లకే, బిందువునకు వర్ణము నిర్ణయించు సూత్రమును ఆట వ్రాయువాడు తన యిచ్ఛానుసారము వ్రాసికొను వెసులుబాటు కలిగెను. సూత్రము తన చేతికి వచ్చిన పిమ్మట దానితో రంగులే లెక్కింపవలెనను నియమమేమున్నది?

స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇయాన్ బక్ మొదలగువారు బ్రూక్ అను భాషను కల్పించి కార్డుచేత సామాన్యగణితము చేయించిరి. అదే విశ్వవిద్యాలయమున విజయ్ పాండే 2000లో స్థాపించిన ఫోల్డింగ్ ఎట్ హోమ్ అను పథకము, ఆ బ్రూక్ భాషను ఆధారము చేసికొనియే, 2006 అక్టోబరులో ఏటీఐ రేడియాన్ కార్డులపై నడచు ప్రోగ్రామును తన సభ్యులకందించెను. కార్డుచేత నేరుగా సామాన్యగణితము చేయించు ఎన్విడియావారి క్యూడా అను వ్యవస్థ 2007లో వెలువడిన తరువాత కార్డును మాయపుచ్చి, ఇది బొమ్మయే సుమా యని నమ్మించి, లెక్క చేయించుకొను నవస్థ శాస్త్రజ్ఞులకు తప్పినది. బోయింక్ వ్యవస్థ 2008లో కార్డులకు ద్వారము తెరచెను.

సామాన్య ప్రాసెసరునకును దీనికిని గల భేదము కేవలము సంఖ్యాభేదము కాదు. ప్రాసెసరులోని స్థలమున పెద్దభాగము, రాబోవు ఆజ్ఞ యేదై యుండునో ముందుగా ఊహించుటకును, తరచు కావలసిన వస్తువును దగ్గర నుంచుకొనుటకును వినియోగమగును. పలురకముల పనులు ఒకదాని వెంట నొకటి వేగముగా చేయవలసిన యంత్రమున కది తగును. గ్రాఫిక్స్ కార్డులో ఆ వైభవమును తగ్గించి ఆ స్థలమును గుణకార సంకలనములకే యిచ్చివేసిరి. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డునందు 16,384 గణనాంగములు కలవు. అవి స్వతంత్రములు కావు. ఎన్విడియా కార్డులలో ముప్పదిరెండు గణనములు ఒక జట్టుగా చేరి, జట్టంతయు ఒక్క ఆజ్ఞనే ఒక్కసారి పాటించును. వరినాట్ల వేళ మునుము పట్టిన కూలీలను జూచినవారికి ఈ క్రమము వెంటనే బోధపడును: అందరును ఒకే తాళమున వంగి, ఒకే తాళమున నారు గ్రుచ్చి, ఒకే యడుగు వెనుకకు వేయుదురు, ఒకరి కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచో మునుమంతయు నిలుచును. ఈ సంఖ్య సరియైనచో ఇటు పొమ్ము, బేసియైనచో అటు పొమ్ము అను షరతు వచ్చినప్పుడు, ఇటు పోవలసినవారు పోయి వచ్చువరకు అటు పోవలసినవారు చేతులు ముడుచుకొని నిలువవలసినదే. కావున షరతులు మెండుగా నున్న లెక్కలకు ఈ కార్డు పనికిరాదు. ఒకే సూత్రమును కోట్లకొలది భిన్నసంఖ్యలపై ప్రయోగింపవలసిన లెక్క దొరకెనా, దీనికి సాటి లేదు.

జె1653-0158 లెక్క అట్టిదే. 2008 జూన్‌లో అమెరికావారు అంతరిక్షమునకు పంపిన ఫెర్మీ దూరదర్శిని గామాకిరణముల ఫోటానులను ఒక్కొక్కటిగా పట్టి, అది యే క్షణమున ఏ దిక్కునుండి వచ్చినదో వ్రాసియుంచును. మందమైన మూలమునుండి ఒక ఫోటాను వచ్చిన పిదప మరియొకటి వచ్చుటకు గంటలు గడచును. ఒక్క గంటలో ఆ నక్షత్రము పదునెనిమిది లక్షల చుట్లకు పైగా తిరిగియుండును. ఏండ్ల తరబడి కూడబెట్టిన ఈ విరళమైన గుర్తులలో ఒక లయ దాగియున్నదా యని వెదకవలెను. ఆ లయ తెలియవలెనన్న ముందుగా నక్షత్రపు భ్రమణవేగమును ఊహింపవలెను. ఆ వేగము కాలక్రమమున మందగించు రేటును ఊహింపవలెను. ఆకాశమున దాని స్థానమును దూరదర్శిని చూపగల సూక్ష్మతకంటె సూక్ష్మముగా ఊహింపవలెను. జంటతార గనుక, కక్ష్యలో నక్షత్రము మనకు చేరువగుచు దూరమగుచు నుండుటచేత ఫోటానులు ముందు వెనుకలుగా వచ్చును గాన, కక్ష్యాకాలమును, కక్ష్యావ్యాసమును, దానిపై నక్షత్రమున్న చోటును సహా ఊహింపవలెను. అన్ని యూహలును ఒక్కమారుగా సరిపడిననే లయ బయటపడును. ఒక్కటి రవంత తప్పినను మిగిలినవన్నియు వ్యర్థము, చిందరవందరయే కనబడును.

ఊహలను ఒకదానితో నొకటి హెచ్చించుకొనుచు పోగా పరీక్షింపవలసిన కూటములు అసంఖ్యాకములగుచున్నవి. కాని ఏ కూటమి పరీక్షకును మరియొక కూటమి ఫలితముతో నిమిత్తము లేదు, తెరమీది బిందువులకు పరస్పరము నిమిత్తము లేనట్లే. అందుచేతనే ఈ వెదకులాట గృహస్థుల కార్డుల మధ్య పంచుటకును, ఒక్కొక్క కార్డులోని వేల గణనాంగముల మధ్య మరల పంచుటకును అనువై యున్నది. హానోవరు బృందమువారు ముందు కన్నులతో చూడదగిన కాంతిలో సహచరిని గమనించినవారి కొలతలను దీసికొని కక్ష్య యొక్క యూహలను కొంత కుదించుకొని, అటుపిమ్మట గణనదాతల తలుపు తట్టిరి. ఈ కుదింపు లేకున్నచో ఎన్ని కార్డులున్నను చాలియుండెడివి కావు. గణనబలము ఎంత చౌకయైనను దానిని మితముగా వాడుకొను తెలివి ముందుండవలెనని నా యభిప్రాయము.

పంచుటకు వీలుపడని లెక్కల సంగతి యేమి? ఫోల్డింగ్ ఎట్ హోమ్ వారు పట్టుకొన్న సమస్య అట్టిదే. ప్రొటీను అనునది వేలకొలది పరమాణువుల గొలుసు. అది ముడుచుకొని ఒక యాకృతిని పొందిననే జీవకణములో దాని విధిని నెరవేర్చగలదు. ఆ ముడుచుకొనుటను కంప్యూటరులో చూడవలెనన్న, ప్రతి పరమాణువుపై తక్కిన పరమాణువులు చూపు బలమును లెక్కించి, దానిని కొంచెము జరిపి, మరల బలములు లెక్కింపవలెను. ఒక్కొక్క యడుగు సెకనులో కోటి కోట్ల వంతుకంటెను చిన్నది, ఇంచుమించు రెండు ఫెమ్టోసెకనులు. సెకనులో పదిలక్షలవ వంతు కాలమును చూచుటకు ఏబది కోట్ల యడుగులు వేయవలెను. అడుగులోపలి బలముల లెక్కను కార్డులోని జట్లకు పంచవచ్చును గాని, రెండవ అడుగు మొదటిదాని పిమ్మటనే గదా వేయుట! వేయి యిండ్లవారు వేయి కార్డులు దానము చేసినను ఒక్క చలనము వేయిరెట్లు వేగముగా నడువదు.

పాండే బృందమువారు కనుగొన్న యుపాయము మనోహరమైనది. ఒక దీర్ఘచలనమునకు బదులు, భిన్నభిన్న ఆకృతులనుండి బయలుదేరు వేలాది హ్రస్వచలనములను దాతలకు పంచిరి. ఏ యాకృతినుండి ఏ యాకృతికి ఎంత తరచుగా మారుచున్నదో ఆ తునుకలనుండి గణించి, మార్కోవ్ అను రష్యా గణితజ్ఞుని పేరిట ప్రసిద్ధమైన సంభావ్యతా సిద్ధాంతముతో వానిని కుట్టి, ఎవ్వరి యంత్రమును పూర్తిగా చూడని దీర్ఘచరిత్రను పునర్నిర్మించిరి. 2020 వసంతమున కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు గ్రెగరీ బౌమన్ నాయకత్వమున ఈ పథకమునకు జనము వెల్లువవలె వచ్చి చేరిరి; మునుపు ముప్పదివేల యంత్రములతో నడచుచుండినది పదిలక్షలు దాటెను; పంచుటకు సర్వరులలో తునుకలు చాలక దాతలే పని కొరకు ఎదురుచూచిరి. ఆ పథకపు బలము సెకనుకు కోటి కోట్లకు పదివేల రెట్ల గణనములను, అనగా ఎక్సాఫ్లాప్ అను మేరను, ఆ వసంతముననే దాటినది. ఆనాటి ఏ యొక్క సూపర్ కంప్యూటరునకును అంతటి బలము లేకుండెను. వైరసు పైనున్న ముల్లువంటి ప్రొటీను తనను తాను ఎట్లు విప్పుకొని మానవకణమును తగులుకొనునో ఆ గణనములలో కనబడినది; స్థిరచిత్రములలో కానరాని, మందు పట్టదగిన గుప్తమైన పల్లములును ఇతర వైరసు ప్రొటీనులలో వెల్లడియైనవి. అప్పటికి కూడిన మొత్తము చలనకాలము సెకనులో పదవవంతు మాత్రమే. ఫెమ్టోసెకనులతో కొలుచువారికి అది యుగము.

ఇంతవరకు దాతను గూర్చి చెప్పితిని. పుచ్చుకొనువానికి గల చిక్కు దీనికంటె లోతైనది. పుణ్యానికి పుట్టెడిచ్చిన పిచ్చకుంచమని పోట్లాడినట్లు అని మనవారు ఉచితముగా పొంది కొలత కొరకు కలహించువానిని పరిహసింతురు. స్వచ్ఛందగణనమును స్వీకరించు శాస్త్రజ్ఞుడు మాత్రము సరిగా ఆ పోట్లాటయే వృత్తిగా చేసికొనవలెను. ఆయన ఎరుగని యూరిలో, ఎరుగని యింటిలో, దుమ్ముపట్టిన ఫ్యానుతో, వేగము పెంచుకొనుటకై యజమాని మితిమీరి తిప్పిన కార్డు తెచ్చి యిచ్చిన సంఖ్యను నమ్మి నక్షత్రమును ప్రకటింపగలడా?

అనుమానము నిరాధారము కాదు. స్టాన్‌ఫర్డులో ఇమ్రాన్ హక్, విజయ్ పాండేలు కార్డుల జ్ఞాపకశక్తిని పరీక్షించు ప్రోగ్రామును వ్రాసి, ఫోల్డింగ్ ఎట్ హోమ్ సభ్యుల యంత్రములు ఏబదివేలకు మించినవానిపై దానిని నడిపించి, 2010లో ఫలితములు ప్రకటించిరి. ప్రయోగశాలలో అదుపున ఉంచిన కార్డులు తప్పులు చేయలేదు. ఇండ్లలోని కార్డులలో మూడింట రెండు వంతులు, కొన్ని సంఖ్యారూపములు తటస్థించినప్పుడు, జ్ఞాపకమున నుంచిన బిట్టును తారుమారు చేయుచున్నట్లు తేలెను. ఆట ఆడువానికి ఇది యెన్నడును తెలియదు: రెప్పపాటు కాలము ఒక బిందువు పచ్చగా నుండవలసినది నీలముగా నున్నచో నష్టమేమి? ఆ సహనముతోనే కార్డు చౌకగా తయారైనది. ఖరీదైన సర్వరు యంత్రములందు తప్పును కనిపెట్టి దిద్దు అదనపు బిట్లుండును. ఆటగాని కార్డులో సాధారణముగా ఉండవు.

కార్డు ఆరోగ్యముగానే యున్నను రెండు కార్డులు ఒకే సమాధానము చెప్పునను నమ్మకము లేదు. ఆటలకు అలవాటైన ఏకసూక్ష్మతా గణనమందు సంఖ్య యొక్క ప్రధానాంకములు ఇరువదినాలుగు బిట్లు మాత్రమే. 1,67,77,216 అను సంఖ్యకు ఒకటి కలిపినచో ఫలితము అచ్చముగా 1,67,77,216 అనియే నిలుచును, ఏలయన తరువాతి సంఖ్యను ఆ రూపమున వ్రాయుటకు చోటు లేదు. మరల ఒకటి కలిపినను అంతియే. ఆ రెండు ఒకట్లను ముందు తమలో తాము కలిపి, వచ్చిన రెండును పెద్దసంఖ్యకు కలిపిననో, 1,67,77,218 వచ్చును. కూడికలో వరుస మారిన మొత్తము మారదని చిన్నబడిలో నేర్చిన సూత్రము ఇక్కడ చెల్లదు. వేలకొలది గణనాంగములు తమ తమ భాగములను కూడి, తుదకు ఎవరి భాగమును ఎవరితో ముందు కలిపిరను వరుస కార్డును బట్టి, తయారీదారుని బట్టి, డ్రైవరు ప్రోగ్రామును బట్టి మారును. అందుచేత ఒకే తునుకను ఇద్దరు దాతలకిచ్చి ఫలితములను పోల్చుట అను సులభోపాయమునందును, అక్షరాలా సమానముగా నున్నవా యని గాక, శాస్త్రదృష్టితో అంగీకరింపదగినంత దగ్గరగా నున్నవా యని చూడవలెను. ఎంత దగ్గర దగ్గరయగునో నిర్ణయించుట ఒక్కొక్క పథకమున ఒక్కొక్క విద్య. ఐన్‌స్టైన్ పథకమునకు 2010లో మొట్టమొదటి పల్సారు, అనగా లయబద్ధముగా సంకేతము వెలువరించు న్యూట్రాన్ నక్షత్రము, లభించినప్పుడు, అమెరికాలో అయోవా రాష్ట్రపు ఏమ్స్ పట్టణమందలి దంపతుల కంప్యూటరును, జర్మనీలో మైన్జ్ నగరవాసి యొకరి కంప్యూటరును ఆ యొక్క సంకేతమునే చూపెను. ఆ కీర్తిలో ఇరువురికిని పాలు దక్కినది.

ప్రతి పనిని రెండుమారులు చేయించుట యనగా దానములో సగము పరీక్షకే పోవుట. ఈ సగమును మిగుల్చుకొనుటలో అందరికంటె ముందు నడచినవారు శుద్ధగణితజ్ఞులనుట నాకు ఆశ్చర్యముగా నుండును. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో ప్రారంభించిన గింప్స్ అను పథకము మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకును. అనగా రెండును తనతో తాను అనేకమారులు హెచ్చించి ఒకటి తీసివేయగా వచ్చు ప్రధానసంఖ్యలను. పరీక్షయందు కోట్ల యంకెలుగల సంఖ్యను కోట్లమారులు వర్గము చేయవలెను. మధ్యలో ఒక్క బిట్టు తప్పినను తుదిఫలము గంగపాలు. రాబర్ట్ గెర్బిచ్ 2017లో చూపిన యుపాయము ప్రకారము, మధ్యమధ్య నిలచి వచ్చిన ఫలితముల గుణలబ్ధమును ప్రక్కన కూడబెట్టుకొని, కొంతదూరము పోయిన పిదప అదే గుణలబ్ధమును వేరొక మార్గమున రాబట్టి పోల్చుదురు. సరిపడినచో అంతవరకు నడచిన నడక నిర్దుష్టము, సరిపడనిచో వెనుకటి మజిలీకి పోయి మరల నడువవలెను. దీనికగు వ్యయము మొత్తములో ఒక శాతమునకు లోపుననే. ఇది కార్డు తప్పును కార్డే పట్టుకొనుట. అబద్ధమాడు దాత సంగతికి మరియొక యుపాయము కలదు: క్రిష్టోఫ్ పియెత్‌షాక్ 2018లో వెలువరించిన పద్ధతి ననుసరించి, దాత తన ఫలితముతో పాటు ఒక సాక్ష్యమును పంపును, ఆ సాక్ష్యమును తనిఖీ చేయుటకు మూలగణనములో స్వల్పభాగము చాలును, లెక్క నిజముగా చేయనివాడు అట్టి సాక్ష్యమును పుట్టింపజాలడు. 2020 నుండి గింప్స్‌లో నూతనపరీక్షలకు రెండవమారు లెక్క అనావశ్యకమయ్యెను. దాత యెవ్వడో తెలియకయే, వాని మాట నమ్మకయే, వాని దానమును నిశ్చింతగా స్వీకరింపవచ్చును.

2024 అక్టోబరులో ఈ పథకమువారు 4,10,24,320 అంకెలుగల ప్రధానసంఖ్యను, ఇంతవరకు తెలిసినవానిలో 52వ మెర్సెన్ ప్రధానసంఖ్యగా ప్రకటించిరి. అంతకు పూర్వము ఇరువదియెనిమిది సంవత్సరములుగా గింప్స్ యొక్క ప్రతి కనుగోలును సామాన్య కంప్యూటరు ప్రాసెసరులకే దక్కియుండగా, ఈ మారు ఆ ఘనత డబ్లిన్ నగరమున నున్న ఎన్విడియా ఎ100 కార్డునకు దక్కెను. మరునాడు టెక్సాసులోని శాన్ ఆంటోనియోలో నున్న మరియొక కార్డు దానిని ధ్రువపరచెను. మిహాయ్ ప్రెడా వ్రాసిన జీపీయూఔల్ అను ప్రోగ్రాము కార్డులను ఈ లెక్కకు లొంగదీసినది. అయితే ఆ కార్డులు ఎవ్వరి పడకగదిలోనివియు కావు. ఎన్విడియాలో పూర్వము పనిచేసిన ల్యూక్ డ్యూరంట్ అను ఇంజనీరు పలుదేశములలోని డేటాకేంద్రములందు అద్దెకు దీసికొన్న యంత్రములవి. వేలమంది చిన్నదాతల సముదాయమునకు బదులు సొంతధనము వెచ్చించిన ఒక్క దాత. ఇది స్వచ్ఛందమే గాని, ఊరివారు తలయొక చేయి వేసిన కార్యమని చెప్పుటకు నాకు నోరాడదు.

దానమునకగు ఖర్చు సంగతియు దాచరాదు. తీరికగా నున్న కంప్యూటరు ఎట్లును వృథాపోవుచున్నది గాన దానిని శాస్త్రమునకిచ్చినచో నష్టము లేదను మాట 1999లో చాలవరకు సత్యము. ఆనాటి ప్రాసెసరు పనిచేసినను చేయకున్నను త్రాగు విద్యుత్తున భేదము స్వల్పము. నేటి కార్డు పనిలేనప్పుడు ఇరువది వాట్లకు లోబడి నిద్రించి, పూర్తిగా పనిచేయునప్పుడు మూడు వందలు, నాలుగు వందల వాట్లు త్రాగును. మూడు వందల వాట్ల కార్డు దినమంతయు నడచినచో ఏడు యూనిట్లకు పైగా కాలును. నెలకు రెండు వందల యూనిట్లు దాటును. ఉత్తరైరోపాలోని దాత శీతకాలమున ఆ వేడిని తన గది వెచ్చదనముగా అనుభవించును. కృష్ణాతీరమున వైశాఖ జ్యేష్ఠములలో అదే వేడిని గదినుండి వెడలగొట్టుటకు ఏసీ నడుపవలసివచ్చి దాత రెండుమారులు చెల్లించును. మనయూళ్లవారు కార్తీకమునుండి మాఘమువరకు మాత్రమే దానము చేసినను తప్పుపట్టదగినది లేదు. అనుభవజ్ఞులు కార్డు త్రాగు విద్యుత్తునకు మూడింట ఒకవంతు కోత పెట్టుదురు. వేగము అంతగా తగ్గదు, ఏలయన తుది కొలది వేగము కొరకే కార్డులు అత్యధికమగు విద్యుత్తును వ్యయించును. తునుకను గడువులోపల తిరిగి పంపలేనివారు పెద్దతునుకలను స్వీకరింపకుండుట మేలు. గడువు దాటిన తునుకను సర్వరు నిర్దాక్షిణ్యముగా మరియొకరికి అప్పగించును.

శాస్త్రజ్ఞుడు ఈ కార్డుల యంగడిలో తాను అతిథి యనెడి సంగతి మరువలేడు. పాలపుంత యొక్క ఆకారమును గణించు మిల్కీవే ఎట్ హోమ్ వంటి పథకములకు ద్విగుణసూక్ష్మత, అనగా అరువదినాలుగు బిట్ల గణనము, కావలసియుండెను; పూర్వపు రేడియాన్ కార్డులు కొన్ని ఆ గణనమును ఏకసూక్ష్మతలో అయిదవవంతు వేగముతో, నాలుగవవంతు వేగముతో చేయగలుగుటచే, పాతబడినను దాతలు వానిని పదిలముగా దాచుకొనిరి. ఆటగానికి ద్విగుణసూక్ష్మతతో అవసరము లేదు గాన నేటి జీఫోర్స్ కార్డులలో ఆ వేగము అరువదినాలుగవ వంతునకు దిగజారినది. ఇప్పుడు కార్డుల విపణికి ఆటగాడును ప్రధానగ్రాహకుడు కాడు. కృత్రిమమేధ ఆ స్థానమాక్రమించినది. ఆ మేధకు ఎనిమిది బిట్ల గణనము, నాలుగు బిట్ల గణనము చాలునట. క్రొత్త కార్డులలోని స్థలము అటువైపే ప్రవహించుచున్నది. ప్రధానసంఖ్యల వెదకులాటలో నున్నవారు దీనికి తగినట్లు తమ సూత్రములను మరల వ్రాసికొనుచున్నారు: దశాంశసంఖ్యల గణనమును విడిచి, గుండ్రము చేయవలసిన పనియే లేని పూర్ణాంకములతో అదే గుణకారమును జరుపు ప్రోగ్రాములు ఇప్పటికే దాతల కార్డులలో నడచుచున్నవి; పూర్ణాంకమునకు కూడిక వరుస మారినను మొత్తము మారదు గాన ఆ ప్రోగ్రాములకు తనిఖీ కొంత తేలికపడినది. ప్రొటీనులవారు మాత్రము పరమాణువుల బలములను ఏకసూక్ష్మతలో లెక్కించి, మొత్తములను మాత్రము అంతకు హెచ్చు సూక్ష్మతలో కూడుచు నెట్టుకొని వచ్చుచున్నారు.